కర్పూరం వాసన వేసిన అన్నం

చిక్కడపల్లి సందులో నల్లా నీళ్లు వచ్చి పోయాయి. పక్కింటి కమలవ్వ రోజూలాగే గోడ మీద కరివేపాకు రెమ్మ పెట్టి వెళ్లింది. అడగకుండానే పెట్టే ఆ రెమ్మను చూస్తే జగదీశ్వర్‌కు కాస్త ధైర్యంగా ఉంటుంది. కొడుకు అభిజిత్ పనిచేసే ఫ్యాక్టరీకి తాళం పడి నాలుగు నెలలైంది. హిమాయత్‌నగర్‌లో ఇంటర్వ్యూ ఉందని అతను ఈ పొద్దు పెందలాడే తిని వెళ్లాడు.

తొమ్మిదింటికి కోడలు నవనీత కంచం పెట్టింది. పప్పుచారు కలిపి మొదటి ముద్ద ఎత్తిన జగదీశ్వర్ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. అన్నం కర్పూరం వాసన వేస్తోంది.

ఇంట్లో ఆ వాసన ఉన్న బియ్యం ఒక్కచోటే ఉన్నాయి. భార్య మనోరమ రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి గూట్లోని ఇత్తడి డబ్బాలో వేసేది. పురుగు పట్టకుండా అందులో కర్పూరం మూట ఉంచేది. డబ్బా నిండితే గుడిలో అన్నదానానికి ఇచ్చేది. ఆమె పోయి పది నెలలు. ఆమె చేత్తో వేసిన ఆఖరి పిడికిళ్లవి. సంవత్సరీకం రోజున వాటితోనే నలుగురికీ అన్నం పెట్టాలని, ఆ డబ్బాను అతను ఎవరినీ తాకనివ్వలేదు.

ముద్ద వదిలేసి లేచాడు. డబ్బా ఎత్తితే తేలిగ్గా వచ్చింది.

"ఎవరు తీసిన్రు?"

"నేనే మామయ్యా. బియ్యం అయిపోయినయ్. మీ పింఛన్ వచ్చేదాంక ఇంక నాలుగు దినాలుంది."

"అయిపోతే నాకు చెప్పొద్దా? పస్తుందును. ఆమె చేతి బియ్యం అవి. దేవుని పేరు మీద తీసినయి నా కంచంల పెడ్తవా? నన్ను దొంగను చేస్తవా?"

"మీరు పస్తుంటరు, సరే. మీ కొడుకు ఉత్త కడుపుతోని ఇంటర్వ్యూకు పోవాల్నా?"

"మాటకు మాట చెప్పకు. ఆమె ఉంటే నీకు గింత ధైర్యం వచ్చేదా?"

నవనీత గరిటె కింద పెట్టింది. కళ్లు నిండినా గొంతు తగ్గించలేదు.

"ధైర్యం ఇచ్చిందే అత్తమ్మ. నేనీ ఇంటికొచ్చిన ఏడాదే డబ్బా చూపిచ్చి చెప్పింది. 'దేవుడు ఎవరింట్ల ఆకలితోని కూసుంటడో తెల్వదు. మనింట్లనే కూసుంటే ఇవే తీసి వండు, సిగ్గుపడకు' అన్నది. మీరు సస్పెండ్ అయినప్పుడు పదకొండు దినాలు గట్లనే వండిందట. మీకు చెప్పొద్దన్నది. మీరే చెప్పిచ్చిన్రు."

జగదీశ్వర్ డబ్బాతోనే పీట మీద కూర్చున్నాడు. తప్పుడు బిల్లు మీద సంతకం పెట్టనన్నందుకు పై అధికారి అతన్ని ఇంటికి పంపిన ఏడాది అది. అప్పుడూ అన్నం ఇలాగే వాసన వేసింది. కంచం తోసేసి, ఏం బియ్యం తెచ్చినవని మనోరమ మీద అరిచాడు. షాపాయన కర్పూరం డబ్బాల పక్కన బస్తా పెట్టిండని చెప్పి, ఆమె ఇంకో గరిటె చారు పోసింది. కష్టంలో కూడా ఎవరి ముందూ చెయ్యి చాచలేదని ఇన్నేళ్లూ అతను గర్వంగా చెప్పుకున్నాడు. చాచకుండా చూసిన మనిషి ఎవరో ఇప్పుడు తెలిసింది.

డబ్బా మూత తీశాడు. అడుగున కర్పూరం మూట పక్కన ఒక పిడికెడు బియ్యం ఉన్నాయి.

"ఇవెందుకు ఉంచినవమ్మా?"

"అడుగంట ఊడ్వొద్దన్నది అత్తమ్మ. పిడికెడుంటే మళ్ల నిండుతదన్నది."

అతను మూత పెట్టి, డబ్బాను రెండు చేతులతో గూట్లో ఉంచాడు.

"సంవత్సరీకానికి ఇంక రెండు నెలలుంది," అన్నాడు. "రేపటి సంది పిడికెడు నేనేస్త."

నవనీత కొంగుతో ముఖం తుడుచుకుంది. "అన్నం చల్లారింది మామయ్యా, వేడిది పెడ్త."

"వద్దు, ఇదే తింట." కంచం ముందు కూర్చున్నాడు. "అభిజిత్ వాసనేందని అడగలేదా?"

"అడిగిండు. షాపాయన కర్పూరం పక్కన బస్తా పెట్టిండని చెప్పిన."

జగదీశ్వర్ తలెత్తి కోడలి వైపు చూశాడు. నవ్వబోతే కన్నీళ్లు చారులో పడ్డాయి. కంచం ఊడ్చి తిని, ముందుకు జరిపాడు.

"ఇంకో ముద్ద పెట్టమ్మా."