యువరాణి కువలయ - ఏదుపంది ముల్లు

మకరతీర రాజ్యానికి మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు మడ అడవి. అక్కడి జనానికి పొద్దున్న చేప, రాత్రికి రొయ్య ఉంటే అదే పండుగ. చుట్టం వస్తే పీతల పులుసు పెట్టని ఇల్లు ఆ రాజ్యంలో వెతికినా దొరకదు. అలాంటి రాజ్యానికి ఒక పెద్ద చిక్కు వచ్చిపడింది.

రాజు సుధన్వుడికి ఒక్కతే కూతురు, కువలయ. కత్తి తిప్పడంలోనూ పడవ నడపడంలోనూ ఆమెకు సాటి లేదు. కానీ కొంతకాలంగా విందు జరిగితే చాలు, ఆమెకు ఏదో ఒకటి అవుతోంది. మొదటిసారి పెదవులు దురదపెట్టి ఒంటినిండా దద్దుర్లు లేచాయి. రెండోసారి కళ్ళు వాచిపోయి, కడుపులో తిప్పి వాంతులయ్యాయి. మూడోసారి గొంతు బిగుసుకుపోయింది. ఊపిరి ఈలలా కూస్తుంటే నిండు సభలో కుప్పకూలింది. రాజవైద్యుడు ఎలాగో బతికించాడు.

"ఇది శాపం మహారాజా!" అన్నాడు మంత్రి భద్రముఖుడు. "మడ అడవి రాక్షసి జలజిహ్వ పనే ఇది. మీ తండ్రిగారు ఆమె మడుగును లాక్కున్నారు కదా, ఆ పగ యువరాణి మీద తీర్చుకుంటోంది."

రాజుకు అంతకంటే పెద్ద దిగులు మరొకటి ఉంది. ఆ రాజ్యంలో పట్టాభిషేకం నాడు బెస్తపెద్దలు 'సముద్రపు ముద్ద' తినిపిస్తారు. రొయ్యలు కలిపిన అన్నం అది. అది తినకుండా ఆ సింహాసనం ఎక్కినవాళ్ళు లేరు. "ముందు ఆ రాక్షసి తల తెగాలి. సేనను సిద్ధం చెయ్యండి!" అని రాజు ఆజ్ఞాపించాడు.

"నాన్నగారూ, ఆమె శపించడం ఎవరైనా చూశారా?" అని అడిగింది కువలయ.

"వేరే చూడాలా తల్లీ? నీ ప్రాణం మీదికి వచ్చింది, అది చాలదా?"

"ప్రాణం నాది కాబట్టే నేను వెళ్ళి అడుగుతాను. శాపమైతే తీయించుకుని వస్తాను. కాకపోతే, చెయ్యని తప్పుకు ఒకరి తల తెగనివ్వను."

రాజు ఒప్పుకోలేదు. అయినా మర్నాడు తొలికోడి కూసే వేళకు కువలయ చిన్న పడవ ఒకటి విప్పుకుని మడ అడవిలోకి సాగిపోయింది.

ఆ అడవిలో పోటు వస్తే పడవకు దారి, ఆటు వస్తే మోకాలిలోతు బురద. చెట్ల వేళ్ళు శూలాల్లా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. వాటి మధ్య వేటగాడి ఉచ్చులో చిక్కుకుని ఒక ఏదుపంది గింజుకుంటోంది. దాని ముళ్ళు బంగారంలా మెరుస్తున్నాయి.

"చూస్తావేం అమ్మాయీ, ఉచ్చు కొయ్యి! గుచ్చుకుంటుందని భయమా?" అని అది అరిచింది.

"గుచ్చుకుంటే గుచ్చుకోనీ," అంటూ కువలయ బురదలోకి దిగి ఉచ్చు కోసేసింది.

దాని పేరు శల్యకుడు. ఒళ్ళు దులుపుకుని, ఆమె ఎందుకు వచ్చిందో అడిగి తెలుసుకున్నాడు. అంతా విన్నాక తన వీపు నుంచి రెండు ముళ్ళు పీకి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇవి మామూలు ముళ్ళు కావు. ఊపిరికి దారి మూసుకుపోతుంటే బట్ట మీదుగానే తొడ పక్కన బలంగా గుచ్చుకో. కాసేపు చూద్దాం అనుకోకు. అలా చూసినవాళ్ళెవరూ మిగల్లేదు."

"దీంతో శాపం పోతుందా?"

"పోదు. వైద్యుడి దగ్గరికి చేరేదాకా ప్రాణం నిలబడుతుంది, అంతే. పద, నేనూ వస్తాను. ఒంటరిగా ఉన్నప్పుడు గొంతు పూడుకుపోతే ఎవరిని పిలుస్తావు?"

ఇద్దరూ పడవలో సాగి మధ్యాహ్నానికి ఒక దిబ్బ చేరారు. అక్కడ కుశాంబుడనే ముని తపస్సు చేసుకుంటున్నాడు. కువలయ నమస్కరించి తన కష్టం చెప్పుకుంది.

"శాపానికి తిథి ఉంటుంది. రోగానికి కారణం ఉంటుంది. నీకు ఏ తిథిన వచ్చింది?" అని అడిగాడు ముని.

"తిథి అంటూ లేదు స్వామీ. విందు జరిగిన రోజున వచ్చింది."

"విందులో ఏం చేశావు?"

"అందరూ చేసేదే. తిన్నాను."

"ఏం తిన్నావు?"

ఈ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. కువలయ కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుంది. "మొదటిసారి రొయ్యల వేపుడు. రెండోసారి పీతల పులుసు." ఆమె గుండె ఝల్లుమంది. అదే అయి ఉంటుందా? కానీ అంతలోనే ముఖం వాడిపోయింది. "మూడోసారి భయపడి వాటిని ముట్టనే లేదు స్వామీ. వంకాయ బజ్జీలు తప్ప ఇంకేమీ తినలేదు."

ముని తల అడ్డంగా ఊపాడు. "నాకు ఇక అంతుపట్టడం లేదు తల్లీ. ఇక్కడే ఉండిపో. పండ్లు, దుంపలు తప్ప ఇక్కడ ఏమీ దొరకవు. శాపమైనా రోగమైనా నీ జోలికి రాదు."

ఆ దిబ్బ చల్లగా ఉంది. కువలయ అలసిపోయి ఉంది. ఒక్క క్షణం ఆమెకు ఉండిపోదామనే అనిపించింది.

"నేను చల్లగానే ఉంటాను స్వామీ. సేన కదిలితే ఆ రాక్షసి ఉండదు. సెలవిప్పించండి," అని లేచింది.

అక్కడి నుంచి శల్యకుడితో కలిసి జలజిహ్వ ఇల్లు చేరింది. అది ఆల్చిప్పలతో కట్టిన ఇల్లు. ఆమె తాటిచెట్టంత పొడవు, జుట్టునిండా పచ్చటి నాచు. గుమ్మంలో నిలబడ్డ పిల్లను చూసి కళ్ళు ఉరిమింది.

"ఓసి పిల్లా! సుధన్వుడి కూతురివి కదూ? మీ తాత నా మడుగు దోచుకున్నాడు. నువ్వేం దోచుకోవడానికి వచ్చావు?"

"అడగడానికి వచ్చాను. నన్ను శపించింది నువ్వేనా?"

రాక్షసి నవ్వుకు పైకప్పు చిప్పలు గలగలమన్నాయి. "పిల్లలను శపించే నీచురాలిని కాను. నమ్మకపోతే నా ఇంట భోంచెయ్యి. నా అన్నం కాదన్న అతిథిని మాత్రం వదలను, జాగ్రత్త!"

"తింటాను. కానీ వంటలో ఏమేం ఉన్నాయో ముందు చెప్పు. రొయ్యా పీతా అయితే ముట్టను. నువ్వు నన్ను మింగినా సరే."

ఆ ధైర్యానికి జలజిహ్వ ముక్కున వేలేసుకుంది. "అది రొయ్యల కూర, ఇది కంద పులుసు. వేరే కుండలో వండాను. మా అమ్మ మీద ఒట్టు."

కువలయ కంద పులుసు ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. రెండో ముద్ద కలుపుతుండగా పెదవి చిమచిమలాడింది. నాలుక మందమెక్కింది. అది కంద దురద కాదు; ఆ దురద ఏమిటో ఆమెకు ఇప్పుడు బాగా తెలుసు. ముద్ద వదిలేసి, "శల్యకా, మొదలైంది!" అంది. అప్పటికే గొంతు బొంగురుపోయింది.

"ముల్లు తియ్యి! ఆలోచించకు!"

కువలయ పళ్ళు బిగించి ముల్లు తొడలో దించింది. గుండె డప్పులా కొట్టుకుంది. శల్యకుడు ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళ కింద చాప చుట్ట పెట్టాడు. కాసేపటికి ఊపిరి దారికి వచ్చింది.

జలజిహ్వ గోడకు ఆనుకుని చిన్నపిల్లలా ఏడుస్తోంది. "నేనేం చెయ్యలేదు! కుండ కూడా వేరేనే!"

"మరి గరిటె?" అని మెల్లగా అడిగింది కువలయ.

రాక్షసి ఏడుపు ఆగిపోయింది. "గరిటె... ఒక్కటే."

కువలయకు అంతా తేటతెల్లమైంది. ఆ రోజు కోటలో రొయ్యలు వేయించిన నూనెలోనే వంకాయ బజ్జీలూ వేయించి ఉంటారు! "శాపం లేదు, పగా లేదు. రొయ్య, పీత నా ఒంటికి సరిపడవు. వాటి అంటు తగిలినా చాలు. జలజిహ్వా, నీ మంత్రాలతో దీన్ని తీసెయ్యగలవా?"

"ఒకరు పెట్టినదైతే తీసేదాన్ని. ఇది నీ ఒంటి తీరు తల్లీ. నావల్ల కాదు."

కువలయ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత దూరం వచ్చింది దీన్ని పోగొట్టుకోవాలనే కదా! అంతలోనే కళ్ళు తుడుచుకుంది. "పోనిదైతే కాచుకుంటాను."

"ఆ మాటలు తర్వాత," అన్నాడు శల్యకుడు. "ముల్లు బలం తగ్గితే వాపు మళ్ళీ రావచ్చు. ముందు వైద్యుడి దగ్గరికి!"

జలజిహ్వ ఆమెను రెండు అరచేతుల్లో పడుకోబెట్టుకుని, నాలుగంగల్లో అడవి దాటింది. కోట ముందు సేన బయలుదేరబోతోంది. రాక్షసిని చూడగానే విలుకాళ్ళు వింటినారులు లాగారు.

"ఆగండి!" కువలయ గొంతులో ఉన్న బలమంతా కూడగట్టుకుని అరిచింది. "నన్ను బతికించి తెచ్చింది ఈమే!"

రాజవైద్యుడు పరుగున వచ్చి నాడి పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. కువలయ పడుకునే జరిగిందంతా చెప్పింది. వంటవాళ్ళను పిలిపిస్తే నూనె మాట నిజమని తేలింది. సుధన్వుడు తలవంచుకుని జలజిహ్వకు చేతులు జోడించాడు. మడుగు తిరిగి ఇచ్చేస్తానని అందరి ముందూ మాట ఇచ్చాడు.

"అంతా బాగానే ఉంది," అన్నాడు మంత్రి. "మరి సముద్రపు ముద్ద? సముద్రం కాదన్న పిల్ల సింహాసనం ఎలా ఎక్కుతుంది?"

అప్పుడు బెస్తల పెద్ద, ముసలి నూకాలవ్వ ముందుకు వచ్చింది.

"నా సెల్లి గూడా ఇలాగే పోయినాది బాబూ. పీత తిన్నాక ఊపిరాడక పోయినాది. గంగమ్మ తీసుకెల్లిపోనాదని అనుకున్నాం. దాని తప్పేటీ లేదు, గంగమ్మ తప్పూ లేదు. మాకే తెలవలేదు." ఆమె కువలయ చెయ్యి పట్టుకుంది. "ఉప్పు మాత్రం సముద్రం ఇచ్చింది గాదేటి? ఉప్పు కలిపిన ముద్ద పెడతాను. మా యువరాణమ్మ తింటాది."

మంత్రి ఒప్పుకున్నాడు. మరుసటి పున్నమికి రాజు పట్టాభిషేకం జరిపించాడు. కొత్త కుండలో, కొత్త గరిటెతో వండిన ఉప్పన్నం ముద్దను నూకాలవ్వ చేతి నుంచి తిని కువలయ మకరతీరానికి రాణి అయింది.

ఆమె ఏలుబడిలో విందులు తగ్గలేదు. రొయ్యలూ పీతలూ ఎప్పటిలాగే వండారు. కాకపోతే వాటి పొయ్యి వేరు, గరిటె వేరు, నూనె వేరు. ఏ వంటకంలో ఏముందో అడిగినవాళ్ళకు చెప్పాల్సిందే. ఎవరైనా బలవంతం చేస్తే కువలయ నవ్వుతూనే 'వద్దు' అనేది. రెండోసారి అడిగితే నవ్వకుండా అనేది. శల్యకుడు మళ్ళీ ఇచ్చిన ముళ్ళు ఆమె నడుము దగ్గర ఎప్పుడూ ఉండేవి. వాటిని ఎలా వాడాలో కాపలావాడి దగ్గర్నుంచి వంటమనిషి దాకా అందరికీ నేర్పించింది.

ఒకనాడు పెద్ద విందులో ఎవరో చిన్నపిల్ల, "అమ్మా, నా నాలుక మీద చీమలు పాకుతున్నట్టుంది," అంది. ఆ తల్లి కసురుకోలేదు. పక్కవాళ్ళు నవ్వలేదు. విందు మొత్తం ఆగిపోయింది. రాణి తన ఆసనం దిగి, ఆ పిల్ల పక్కన నేల మీద కూర్చుని, "చెప్పమ్మా, ఏం తిన్నావు?" అని అడిగింది.