మెట్టును జరిపిన అద్దం

కోడలు కుర్చీ అంచున కూర్చుని చేతిరుమాలు నలుపుతోంది.

"మామగారు మెట్ల మీంచి పడి చనిపోయారండీ. ఆ పూట మెట్లు తుడిచింది నేనే. కావాలనే తడిచేసి వదిలేశానంటున్నారు. మా ఆయన కూడా మాట్లాడ్డం మానేశాడు. రేపు స్టేషన్‌కి రమ్మన్నారు."

"నా దగ్గరికి వెళ్లమన్నదెవరు?" డిటెక్టివ్ అడిగింది. యాభై దాటిన ఆవిడకి నాన్చుడు గిట్టదు.

"మా ఆయన మేనమామ. మీ అంత తెలివైనవాళ్లు లేరన్నాడు."

పక్కన రాసుకుంటున్న టైపిస్టు మొహం వెలిగింది. కోర్టు ఉద్యోగం నుంచి రిటైరై ఆమె దగ్గర చేరిన ఆయనకి, ఆమెను పొగిడితే తనను పొగిడినట్టే.

ముగ్గురూ కోడలి ఇంటికి వెళ్లారు. కింద కళ్లద్దాల దుకాణం, పైన ఇల్లు. వెనకగదిలో అద్దాలు సానపెట్టే మేనమామ చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"మీరొచ్చారు, చాలు. మీ బుర్రకి దండం పెట్టాలి మేడమ్." ఆ గొంతులో వేళాకోళం లేదు.

డిటెక్టివ్ కోడలివైపు తిరిగింది. "ఆయన పడ్డప్పుడు ఎక్కడున్నావమ్మా?"

"పెరట్లో గుడ్డ పిండుతున్నా. కౌంటర్ మీద గంట మోగింది. మామగారు నిద్రలోంచి లేచి పరిగెత్తినట్టున్నారు. దభీమని చప్పుడైంది."

"గంట ఎవరు కొట్టారు? గిరాకీ వచ్చిందా?"

"లేదండీ. షట్టర్ దించి తాళం వేసి ఫ్రేములు తేవడానికి వెళ్లాను" అన్నాడు కొడుకు.

"నాకైతే గంట వినబళ్లేదు. సాన మోటారు మోతలో ఉన్నా" అన్నాడు మేనమామ.

పెద్దాయన కళ్లద్దాల్ని కోడలు బీరువాలో దాచింది. ఒక అద్దం పగిలింది, రెండోది బాగానే ఉంది. డిటెక్టివ్ అవి పెట్టుకుని, పగిలినవైపు కన్ను మూసుకుని, పై మెట్టు మీద నిలబడి మెట్ల పక్క కమ్మీ కోసం చెయ్యి చాచింది. వేళ్లు గాలిని పట్టుకున్నాయి. కమ్మీ నాలుగు వేళ్ల అవతల ఉంది. తర్వాత టైపిస్టును వెనకగదిలోకి పంపి మోటారు వేయించి, తానే గంట కొట్టింది.

మర్నాడు పొద్దున ఇన్‌స్పెక్టర్‌తో సహా అందరూ దుకాణంలో కూర్చున్నారు.

"ఈ అద్దం ఒక అంచు మందం, ఇంకో అంచు పల్చన. ఆ తేడా ఫ్రేము అంచులో దాక్కుంది. ఇలా సానపడితే ఎదురుగా ఉన్నది పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది. పెద్దాయన నిద్రపోతుండగా అసలు అద్దాలు తీసి ఇవి బిగించారు. కింద గంట కొట్టారు. ఆయన నిద్రమత్తులో ఇవి పెట్టుకుని, లేని మెట్టు మీద కాలేశాడు. తాళం వేసిన దుకాణంలో మిగిలింది ఒక్కడే. మోటారు తిరుగుతున్నా గంట ఖంగుమని వినబడుతుంది. ఇలా సానపట్టడం ఈ ఇంట్లో ఆ ఒక్కడికే వచ్చు."

కొడుకు భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుంది.

మేనమామ మాత్రం చప్పట్లు కొట్టాడు. కళ్లలో నీళ్లు.

"అద్భుతం మేడమ్! ముప్ఫై ఏళ్లు అద్దాలు నేను సానపట్టాను, పేరు బావకొచ్చింది. నా పనితనం చూడగలిగిన మనిషి మీరొక్కరే. అందుకే మిమ్మల్ని పిలిపించాను. పట్టుబడితే మీ చేతిలోనే పడాలి. మనిద్దరం ఒక స్థాయివాళ్లం."

డిటెక్టివ్‌ను ఎవరైనా పొగిడితే ఒళ్లు మండడం టైపిస్టుకి ఇదే మొదటిసారి.

డిటెక్టివ్ అతన్ని చెప్పుకంటిన బురదను చూసినట్టు చూసింది.

"నువ్విచ్చిన కళ్లద్దాలు నమ్మి నిద్రపోయిన మనిషిని చంపావు. ఆ నేరం గుడ్డ పిండుకునే పిల్ల నెత్తిన పెట్టావు. దీనికి పనితనం ఎందుకు? సిగ్గులేకపోతే చాలు."

"అయినా మీరంటే నాకు గౌరవమే" అన్నాడతను మెత్తగా. "మీ పెద్ద కేసుల్లో ఇదీ ఒకటవుతుంది."

"టైపిస్టుగారూ, మన కేసుల పుస్తకంలో రాసుకోండి. 'బావమరిది ముసలాయన్ని మెట్ల మీంచి తోశాడు.'"

"తొయ్యలేదు!" మేనమామ గొంతు చీలింది. ఇన్‌స్పెక్టర్ భుజం పట్టుకున్నా వినలేదు. "నేను తొయ్యలేదు! అద్దం గురించి రాయండి! ఆ అంచు ఎంత సన్నగా తీశానో రాయండి!"

ఆమె అప్పటికే తలుపు దాటింది. టైపిస్టు ఆ ఒక్క వాక్యమే రాసి పుస్తకం మూశాడు.