నంబరు కనిపించని ఫోను

మంగళవారం పొద్దున అద్దొలోరాత వంటింట్లో ఆలిచిప్పలు గీకుతుండగా తొమ్మిదింటికి ఆమె ఫోను మోగింది. తెర మీద నంబరు లేదు. కిందటి మంగళవారమూ అదే వేళకి అలాగే మోగింది. ఆమె గబగబా ఫోను మీద తువ్వాలు కప్పేసింది.

"ఎవరే అమ్మా?" గదిలోంచి కూతురు మరియాంజెలా.

"మీ అన్నయ్యే. తియ్యకు. తీస్తే తీసుకుపోతాడు."

చచ్చినవాళ్లు పిలిస్తే పలక్కూడదని ఆ రేవు ఊరు తరాంతోలో పెద్దవాళ్ల నమ్మకం. పద్నాలుగు నెలల కిందట ఒక మంగళవారం తొమ్మిదింటికి అన్న కతాల్దో చేపల పడవలోంచి చెల్లెలికి ఫోన్ చేశాడు. నిద్రమత్తులో ఆమె తియ్యలేదు. గంటలో పడవతో పాటు అతనూ మునిగిపోయాడు. ఆనాటి నుంచి ఆ పిల్ల వీధిలోకి అడుగు పెట్టలేదు.

అదే మేడ పై అంతస్తులో సొంతంగా చూసే సైకాలజిస్టు సెమెరారో దగ్గరికి నాలుగుసార్లు వెళ్లాక చేతిలో డబ్బు అయిపోయింది. ఆవిడ ఊరికే చూస్తానంది. ధర్మానికి మందు తాగితే ఒంటికి పట్టదని అద్దొలోరాత మొండికేసింది. చివరికి సెమెరారోయే పట్టుబట్టి సర్కారు మానసిక ఆరోగ్య కేంద్రంలో వంతు కోసం పిల్ల పేరు రాయించింది.

ఆ సాయంత్రం ఆవిడ చూడ్డానికి వచ్చి, ఫోను సంగతి విని తల పట్టుకుంది.

"అయ్యో అద్దొలోరాతగారూ! కేంద్రం వాళ్ల నంబరు కనపడదండీ. మూడుసార్లు తియ్యకపోతే పేరు కొట్టేస్తారు."

"నాకేం తెలుసమ్మా డాక్టరమ్మా..."

"నీకు తెలీదు! నీకేం తెలీదు!" మరియాంజెలా గదిలోంచి దూసుకొచ్చింది. "చచ్చిపోయిన వాడికి భయపడి బతికున్నదాన్ని చంపుతున్నావు కదే అమ్మా!"

వారమంతా ఇంట్లో ఇద్దరూ పలకరించుకోలేదు.

మళ్లీ మంగళవారం తొమ్మిదింటికి ఫోను మోగింది. అద్దొలోరాత శిలువ గుర్తు వేసుకుని తీసింది.

"కతాల్దో?"

"సర్కారు కేంద్రం నుంచండీ. మరియాంజెలాగారికి వంతు వచ్చింది."

ఆమెకి ఏడుపు ఆగలేదు. "రెండుసార్లు తియ్యలేదు తల్లీ, నాదే తప్పు. పిల్ల పేరు కొట్టెయ్యకండి!"

"కొట్టెయ్యడమేంటండీ? మేం చెయ్యడం ఇదే మొదటిసారి. మీ కాగితాలు నిన్ననే నా బల్ల మీదికొచ్చాయి."

మరి ఆ రెండు ఫోన్లూ ఎవరు చేసినట్టు? అవి రాకపోతే డాక్టరమ్మకి సంగతి తెలిసేదీ కాదు, ఈ నంబరు కనపడని ఫోను తను తీసేదీ కాదు.

"ఏమందమ్మా?" కూతురు తలుపు దగ్గర నిలబడింది.

"వాడు తీసుకుపోవడానికి చెయ్యలేదే," తల్లి వెక్కుతూ ఫోను ఆమె చేతిలో పెట్టింది. "నీకోసం నాకు ఫోను తియ్యడం నేర్పాడు."

మరియాంజెలా చెవి దగ్గర పెట్టుకుంది. చాలాసేపు విన్నది. "గురువారమా? వస్తానండీ," అంది.

తల్లిని గట్టిగా పట్టుకుని ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని అడిగింది.

"నా బూట్లు ఎక్కడ దాచావే అమ్మా?"