బుడగలు దిగే స్టేజి

సుక్కమ్మ సర్దిన సంచిని మళ్లీ విప్పింది. మనవరాలి గౌన్లు, సత్తు గిలాస, తువ్వాల, జొన్న పేలాల మూట అన్నీ బయటికి తీసి, అడుగున ఎర్ర రిబ్బన్లు పెట్టి మళ్లీ పేర్చింది.

"రిబ్బన్లెందుకవ్వా? నెత్తిమీద ఒక్క ఎంటికె లేకపాయె," అంది ఆరేళ్ల మారెమ్మ, గుండు నిమురుకుంటూ.

"నువ్వొచ్చే యాళ్లకు మొలుస్తయి. ఊకో."

గుమ్మంలో నిలబడ్డ నర్సు జానమ్మ నవ్వు ఆపుకుంది. పిల్ల నెత్తురులో క్యాన్సరు. ఇక మీదటి వైద్యం పట్నం దవాఖానలోనే చేయాలన్నారు. తల్లిదండ్రులు అక్కడే రాళ్లపనిలో ఉన్నారు. పిల్లను వెంట తీసుకెళ్లి వాళ్లకు అప్పగించడం జానమ్మ పని.

"అవ్వా, బస్సు ఎల్లిపోతది."

"ఏడికి పోతది? గా కండక్టరు నువ్వెక్కనిది సీటీ ఊదుతడా?"

జానమ్మ ముఖం తిప్పుకుంది. కల్వకుర్తిలో ఈ మాట అందరికీ తెలిసిపోయిందన్నమాట!

ఆ కండక్టరు ఇస్రాయేలుతో ఆమె పరిచయం తిట్లతో మొదలైంది. మారెమ్మకు కావలసిన కొత్త మందు పట్నం డాక్టరు వారం వారం నీలం డబ్బాలో పెట్టి బస్సులో పంపేవాడు. ఇక్కడి డాక్టరమ్మ దాన్ని నరంలోకి ఎక్కించేది. మే నెలలో మొదటి డబ్బా వచ్చింది. బస్టాండులోనే జానమ్మ మూత తీసి చూసింది. సీసా చుట్టూ ఐసుగడ్డలు. లోపల మందు రాయిలా గడ్డకట్టింది.

"ఎవరు పోసిండ్రు గీ ఐసు?"

"నేనే మేడం!" అన్నాడు ఇస్రాయేలు గర్వంగా. "గింత ఎండల మందు కరాబైతదని ఆమనగల్ల సోడాబండోన్ని బతిమిలాడి తెచ్చిన. ఇంక సల్లగైతదని ఉప్పు గూడ ఏసిన."

"కరాబు చేసిందే నువ్వు! సల్లగుండాలె గని గడ్డకట్టద్దు. గా మందు కొవ్వు బుడగలల్ల ఉంటది. కంటికి కనబడనంత సన్నయి. మందును కడుపుల దాసుకొని రోగమున్న జాగకు మోసుకపోతయి. గడ్డకడితే పగులుతయి."

"బుడగలా?" అతను సీసాను ఎండకెత్తి చూశాడు. "అంటే అవి గూడ బస్సులే అన్నట్టు. మరి దిగాల్సిన స్టేజి వాటికెట్ల ఎరుక?"

"నీ అసోంటి కండక్టరు లేడు గదా, అందుకే చాలామట్టుకు సక్కగనే పోతయి."

"నడుమల దిగితే?"

"పిల్లకు కక్కులైతయి. ఒళ్లు కాలుతది."

అతని ముఖంలో నవ్వు పోయింది. మర్నాడు అతనికి సెలవు. అయినా తెల్లారకముందే పట్నం వెళ్లి, డాక్టరు కాళ్లావేళ్లా పడి ఇంకో సీసా తెచ్చాడు. ఈసారి మంచు సంచులకు కాగితాలు చుట్టి, వాటి నడుమ సీసా పెట్టి, డబ్బాను దారిపొడుగునా ఒళ్లో పెట్టుకున్నాడు. జానమ్మ మూత తీసి చూసేదాకా ఊపిరి పీల్చలేదు.

"మంచిగున్నదా?"

"మంచిగున్నది. నువ్వు జర నీళ్లు తాగు."

ఆ మందు ఎక్కాక మారెమ్మ జొన్నరొట్టె అడిగి తిన్నది. అప్పటినుంచి డబ్బా ఇవ్వడానికి అర నిమిషం చాలినా, ఇస్రాయేలు డ్రైవరు హారను కొట్టేదాకా కదిలేవాడు కాదు.

ఇవాళ బస్సు ఆగే ఉంది. ముసురు పట్టింది. సుక్కమ్మ మనవరాలిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, "పొయ్యొస్త అనవే," అంది.

"పొయ్యొస్తనే అవ్వా!"

"ఇంకోపారి అను."

"ఎన్నిసార్లు అనాలె? వస్త అన్న గదా!"

ఆమనగల్లు దాటేసరికి పిల్ల జానమ్మ ఒళ్లో నిద్రపోయింది. ఇస్రాయేలు టికెట్లన్నీ కొట్టేసి, సీటు కడ్డీ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. వానజల్లు అద్దం సందులోంచి ఇద్దరి మీదా పడుతోంది.

"జానమ్మా, నేను గూడ గా బుడగ అసోంటోన్నే. దినాం గింత దూరం తిరుగుత. దిగబుద్దయ్యేది ఒక్క జాగనే."

"ఏ స్టేజి?"

"కల్వకుర్తి దవాఖాన గేటు."

ఆమె పిల్ల చెంపమీది తడి కొంగుతో తుడిచింది. కిటికీ వైపు చూస్తూ అంది: "నాకు చెప్తే ఏం లాభం? మా బాపుకు చెప్పు. ఆదివారం ప్రార్థన అయినంక రా. ఐసు మాత్రం తేకు."

అతను నవ్వాడు. మారెమ్మ కళ్లు తెరవకుండానే, "పెండ్లికి నన్ను ముందట కూసోపెట్టాలె," అంది.

"నువ్వు నిద్రపోలేదా దొంగా!"

మరుసటి ఫిబ్రవరిలో, కల్వకుర్తి చర్చిలో వాళ్ల పెళ్లయింది. సుక్కమ్మ పెళ్లికూతురి తలమీద చెయ్యి పెట్టి దీవించి, జడ కొసకు ఎర్ర రిబ్బను కట్టింది. మందు చేతనైనంత చేసిందని, రోగమే పెద్దదని పట్నం డాక్టరు అంతకు కొన్ని నెలల ముందే చెప్పాడు. పిల్ల సంచిని జానమ్మే అవ్వకు తెచ్చి ఇచ్చింది. మారెమ్మ తిరిగి రాలేదు. పంతొమ్మిది వందల తొంభై ఏడు సెప్టెంబరులో, పట్నం దవాఖానలో పోయింది.