ఆపరేషన్ బియోఇన్

ఒక్క దీర్ఘం ఎక్కువై ఏజెంట్ షాకీర్ చచ్చిపోయాడు.

నంద్యాల బస్టాండులో ముఠా మనిషికి కోడ్‌వర్డ్‌గా ‘ఒబసన్’ అని చెప్పాలి. జపనీసులో అత్త అని అర్థం. కంగారులో ‘ఒబాసన్’ అన్నాడు. అది అవ్వ. జవాబుగా సైలెన్సర్ తూటా వచ్చింది.

“ఇప్పుడు నువ్వు పోవాల,” అన్నాడు చీఫ్ ఉమాశంకర్, ముస్తఫాతో. “మన డ్రోన్ల గైడెన్స్ చిప్ కొట్టేసినారు. ఈడ ఎవురికీ తెలీకూడదని ముఠా అంతా జపనీసే మాట్లాడుతాంది. యామిని చెప్పే జపనీసు క్లాసులో చేరు. ఆయమ్మ వాళ్ల మనిషి, మన మనిషి కూడా.”

జపాన్‌లో నర్సు ఉద్యోగం కావాలన్న వేషంతో ముస్తఫా రోజూ కోచింగ్ సెంటర్‌కి వెళ్లాడు. జపనీసు అక్షరం ‘ను’ రాస్తే ‘మె’ అయ్యేది. ‘రె’ రాస్తే ‘నె’ అయ్యేది. పిస్టల్‌ని కళ్లు మూసుకుని విప్పి బిగించగలడు. ఈ వంకర గీతలు మాత్రం కళ్లు తెరిచినా లొంగలేదు.

“మళ్లా తప్పే! చివర తోక చుట్టన్నా,” అంది యామిని, నల్లకళ్లద్దాలు తలపైకి నెట్టి. వెనక బెంచీలో, ముఠాలో కొత్తగా చేరి జపనీసు ఇంకా రాని కాపలావాడు కూర్చున్నాడు. ఆమె పాఠం చెబుతున్నట్టే ఓ వాక్యం చదివింది. ఆళ్లగడ్డ, ఆసుపత్రి, ఈరోజు ఐదింటికి చిప్ చేతులు మారుతుంది. వాక్యం మొత్తం అర్థమైనందుకు ముస్తఫాకి కాస్త గర్వంగా కూడా అనిపించింది.

ఐదు కావస్తోంది. ఆళ్లగడ్డ ఆసుపత్రిలో దగ్గులూ సెలైన్ సీసాలూ తప్ప ఏమీ లేవు.

“ఏందప్పా చేస్తాండావ్?” ఇయర్‌పీస్‌లో చీఫ్ అరిచాడు. “ముఠా కారు చాగలమర్రి దాటితే చిప్పు దక్కదు!”

“ఆయమ్మ మోసం చేసింది సార్!”

క్లాసులో పాఠం రికార్డు చేసుకున్న పెన్నును కసిగా నొక్కాడు. యామిని గొంతు మళ్లీ వినిపించింది. బి... యో... ఇన్.

అతను బ్యోఇన్ అనుకున్నాడు. అందులో యో చిన్నది, మన ‘య’ వత్తులా ముందు అక్షరానికి అతుక్కుంటుంది. ఇక్కడ యో పెద్దది, విడిగా నిలబడింది. బ్యోఇన్ ఆసుపత్రి. బియోఇన్ బ్యూటీ పార్లర్!

“నా చెవుల్లో మన్ను బొయ్య!”

పరుగెత్తి, వచ్చేటప్పుడు పక్క సందులో చూసిన పార్లర్ తలుపు తోశాడు.

“ఆడోళ్లుండారప్పా! యాడికొస్తాండావ్?” యజమాని మాబున్నీ అడ్డొచ్చింది.

ఆమె వెనక కుర్చీలో, చిప్ తీసుకుపోవడానికి వచ్చిన ఓ విదేశీ మహిళ, ఒక చెంపకి బ్లీచ్‌తో, జడక్లిప్పులో చిప్ దూర్చుకుంటోంది. అతన్ని చూడగానే పిస్టల్ తీసింది. ముస్తఫా హెయిర్ డ్రయర్ విసిరాడు. తూటా అద్దంలో దిగింది. బయట కారు హారన్ మోగుతుండగానే ఆమె చేతులకు బేడీలు పడ్డాయి.

యామిని నిజమే చెప్పింది. చిప్పు దక్కింది. షాకీర్ దక్కలేదు.

పోలీసు ఫొటోలో మాత్రం ఆ విదేశీ మహిళ ముఖం ఒక పక్కే తళతళలాడుతోంది.