బాతు బొమ్మ ప్లేటు

మా వీధి చివరి పార్కులోకి చీకటి పడితే ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. పందెం కాసినా సరే! మధ్యలో ఒక గుండ్రటి నీళ్ల తొట్టి ఉండేది. ఆరేళ్ల క్రితం దర్జీ గారి పాప అందులో పడి చనిపోయింది. నాలుగేళ్ల పిల్ల. ఆ తర్వాత తొట్టి ఎండగట్టారు, గేటుకి తాళం వేశారు, పిచ్చిమొక్కలు నడుమెత్తు పెరిగాయి. రాత్రిపూట తొట్టి దగ్గర ఎవరో నీళ్లలో చేతులాడిస్తున్న చప్పుడు వినిపిస్తుందనేవాళ్లు. నీళ్లేవీ అక్కడ? అదే కదా మరి!

నేను ఎలక్ట్రీషియన్ని. ఇలాంటివి నమ్మను. నమ్మను గానీ... ఆ పక్క లైటు పోతే మాత్రం పగలే వెళ్లి మార్చొచ్చేవాణ్ని. ఇప్పుడు చెప్పబోయే రాత్రి సంగతి నేను కళ్లారా చూసింది కాదు, మా వదిన చెప్పింది. నేనెందుకు చూడలేదో కూడా చెప్తాను, నవ్వకండి.

మా వదిన తోటలు డిజైన్ చేస్తుంది. ఆ పార్కు బాగుచేసే పని ఆవిడకే వచ్చింది. తొట్టి పూడ్చి పూలమొక్కలు వేసి, చుట్టూ కూర్చోవడానికి పొట్టి గోడ కట్టి, గోడ నిండా పగిలిన పింగాణీ ముక్కలతో బొమ్మలు అతికించాలని ఆవిడ ఆలోచన. ఇంటింటికీ తిరిగి, "పగిలిన కప్పో ప్లేటో ఉంటే పారెయ్యకండి, నాకివ్వండి" అని అడిగింది. ప్రతి ఇంటి ముక్కా గోడలో ఉండాలట. అప్పుడే ఇది మనది అనుకుంటారట.

దర్జీ గారు ఒక గుడ్డసంచి తెచ్చిచ్చారు. లోపల పిల్లలు తినే ప్లేటు... నాలుగు ముక్కలు. కలిపి చూస్తే మధ్యలో పసుప్పచ్చ బాతు. "పనికొస్తే పెట్టమ్మా" అని, ఇంకో మాట లేకుండా వెళ్లిపోయారు. అది ఎవరి ప్లేటో వదినకి అర్థమైంది. నాలుగు ముక్కల్నీ ఒక్కచోటే, చిన్నపిల్లల చెయ్యి అందే ఎత్తులో అతికించింది.

మర్నాడు పొద్దున చూస్తే ఒక ముక్క లేదు.

ఆ మర్నాడు ఇంకోటి. మూడో రోజు మూడోది. చుట్టూ వంద ముక్కలున్నాయి, వాటి జోలికి ఎవరూ పోలేదు... బాతు ముక్కలే! మేస్త్రి సామాను సర్దేసుకున్నాడు. "ఆ పిల్ల తన ప్లేటు తను తీసుకుంటోందమ్మా... నన్నొదిలెయ్యండి" అన్నాడు. సాయంత్రానికల్లా వీధంతా గుప్పుమంది. మున్సిపాలిటీ ఆఫీసరు వదినకి ఫోన్ చేశాడు. "జనం భయపడే చోట పార్కెందుకండీ? శనివారం పొద్దున వస్తాను. అప్పటికీ ఇదే గోలయితే చదును చేసి కార్ల పార్కింగ్ పెట్టేస్తాం." మొదట్నుంచీ ఆయన మనసు పార్కింగ్ మీదే ఉంది లెండి.

వదిన ఫోన్ పెట్టేసి గోడ వంకే చూస్తోంది. "ఖాళీల్లో వేరే ముక్కలు పెట్టెయ్, ఎవడు చూడొచ్చాడు" అన్నాను. "ఆ ఇంటి ముక్కే ఉండాలి" అంది. మొండిఘటం.

శుక్రవారం రాత్రి కాపలా కాస్తానని కూర్చుంది. అన్నయ్య ఊళ్లో లేడు, తోడుగా నేను వెళ్లాలి. వెళ్లాను కూడా! తొమ్మిదింటి దాకా ఉన్నాను. ఆ తర్వాత కడుపులో ఏదో తేడా చేసి...

"వెళ్లవయ్యా మరిదీ, వెళ్లు. చీకటి ముదిరే కొద్దీ కడుపునొప్పి కూడా ముదురుతుంది" అంది వదిన. టార్చి ఆవిడ చేతిలో పెట్టి వచ్చేశాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

టార్పాలిన్ చాటున వదిన ఒక్కతే.

పదకొండు దాటింది. గేటు కిర్రుమంది... ఆగింది. మెత్తటి అడుగులు... అవీ ఆగాయి. ఆ తర్వాత — గర్... గర్... — గోడ గీకుతున్న చప్పుడు.

వదిన తొంగిచూసింది. గోడ దగ్గర ఎవరో వంగి కూర్చున్నారు. జుట్టు విరబోసుకుని ఉంది. పక్కన మనిషి ఉన్నట్టే గుసగుసగా బుజ్జగిస్తోంది.

"ఇంకొక్క ముద్ద... ఒక్కటే... తినేస్తే అడుగున బాతు కనిపిస్తుంది..."

వదిన చెయ్యి టార్చి మీదికి పోయింది. ఎలా నొక్కిందో ఏమో, టార్చి వెలిగింది.

దర్జీ గారి భార్య!

చేతిలో కత్తెర. వేళ్లు గీసుకుపోయి నెత్తురు కారుతోంది. ఆరేళ్లుగా ఆ మనిషి పార్కున్న వైపు తల తిప్పి చూసి ఎరగదు.

"మా పాప ప్లేటమ్మా" అంది మెల్లగా. "రోజూ కడిగి దాని చోట దాన్ని పెట్టుకునేదాన్ని. పగిలిపోయింది, చెత్తబండిలో వేసేశానని చెప్పారు మా ఆయన. ఈ ఒక్క ముక్కా ఇచ్చెయ్యి... నీ కాళ్లు పట్టుకుంటాను."

తెల్లారితే ఆఫీసరు వస్తాడు. వదినకి ఆ మాట గుర్తు లేక కాదు. ఉలి తీసుకుని ఆ ముక్క తనే ఊడదీసి, తుడిచి, ఆవిడ చేతిలో పెట్టింది. పోతే పోయింది పార్కు అనుకుందట. ఇద్దరూ ఆ గోడ మీదే కూర్చుని చాలాసేపు ఏడ్చారట.

పొద్దున ఆరింటికి నేను వెళ్లేసరికి గేటు దగ్గర దర్జీ గారూ ఆయన భార్యా నిలబడి ఉన్నారు. ఆవిడ చేతిలో అదే గుడ్డసంచి. "నాలుగూ తెచ్చానమ్మా. అది ఆడుకున్న చోటే ఉండనీ" అంది. దర్జీ గారు తలెత్తలేదు. "రోజూ ఆ ప్లేటు ముందు కూర్చుని మా ఆవిడ ఏమైపోతుందోనని నేనే పగలగొట్టాను బాబూ" అన్నారు నాతో.

సిమెంటు నేనే కలిపాను. ముక్కలు ఆవిడే తన చేత్తో అద్దింది. ఆఫీసరు వచ్చేసరికి ఆ సంగతి తెలిసి వీధి వీధంతా లోపలుంది. ఎవరి ముక్క వాళ్లు వెతుక్కుంటున్నారు. పార్కింగ్ మాట ఆయన నోటెంట రాలేదు.

ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది!

బకెట్లో చేతులు కడుక్కుంటూ వదిన అడిగింది. "చెత్తబండిలో వేసేశానన్నారు కదా మీ ఆయన... మరి ఇక్కడుందని మీకెలా తెలిసింది?"

దర్జీ గారి భార్య వేళ్లకంటిన సిమెంటు తుడుచుకుంటూ చెప్పింది.

"మొదటి ముక్క నేను తియ్యలేదమ్మా. తెల్లారి తలుపు తీస్తే మా గుమ్మంలో ఉంది. వెనకాల సిమెంటు చూసి ఈయన్ని నిలదీస్తే అప్పుడు చెప్పారు. మా పాప పిలిచింది కాబట్టి వచ్చాను... లేకపోతే ఈ జన్మలో ఇటు అడుగు పెట్టేదాన్నా?"

"ఎవరో పిల్లలు ఊడదీసి అక్కడ పడేసి ఉంటారు లెండి" అన్నాను నేను.

"అయ్యుంటుంది బాబూ" అంది ఆవిడ. "కానీ... ఆ ముక్క నీళ్లోడుతూ ఉంది."

ఆ తొట్టి పూడ్చి నెల దాటింది. పది రోజులుగా వాన చుక్క లేదు. పార్కుకి కుళాయి ఇంకా రాలేదు, సిమెంటులోకి నీళ్లు మా ఇంటి నుంచి బకెట్లతో నేనే మోశాను.