ఆపుకున్న తుమ్ము

“తుమ్మండి,” అంది పళ్ళ క్లినిక్‌లో నర్సు నస్తరన్.

అడగ్గానే తుమ్ము ఎవరికొస్తుంది? పైగా నా బుగ్గ బూరెలా పొంగి ఉంది.

“రావట్లేదు ఖానుం,” అన్నాను మర్యాదగా.

“నటించండి. నోరు బార్లా తెరిచి తుమ్మాలి. ముక్కు నొక్కి ఆపుకున్నారో, డాక్టరుగారు రెండు గంటలు చేసిందంతా మట్టిపాలే.”

రెండేళ్ళ క్రితం మోటార్‌సైకిల్ మీంచి పడి పైదవడలో మూడు పళ్ళు పోగొట్టుకున్నాను. ఖాళీగా వదిలేస్తే ఎముక పలచబడిపోయింది. ఇంప్లాంట్లు పెట్టాలంటే ముందు సైనస్ లిఫ్ట్ తప్పదన్నారు. ముక్కు పక్కనుండే గాలి గది పొరను పైకి లేపి, దాని కింద ఎముక పొడి నింపారు. అది గట్టిపడటానికి ఆరు నెలలు. ఈలోగా ఆ పొర చిరిగితే అంతే సంగతులు.

“హా...చ్చ్!” అన్నాను బార్లా.

వెళ్ళబోతున్న ఒక ముసలాయన మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. “ఒంటి తుమ్ము! సబ్ర్ వచ్చింది. ఇంకోటి తుమ్మవయ్యా, నేను బస్సెక్కాలి.”

మా ఇస్ఫహాన్‌లో ఒక్క తుమ్ము వినిపిస్తే సబ్ర్ వచ్చిందంటారు, అంటే ఓపిక పట్టమని. ఎంత పెద్ద పనైనా ఆగాల్సిందే. రెండోది పడితే విడుదల.

నేను నోరు తెరవబోయాను. నస్తరన్ నా చెవిలో గుసగుసలాడింది. “ఆగండాగండి. మందులు తీసుకోకుండా పారిపోతున్నాడు.” తీరిగ్గా మందుల పొట్లం తెచ్చి ముసలాయన చేతిలో పెట్టి, నా వైపు తిరిగి, “ఇప్పుడు తుమ్మండి,” అంది.

నవ్వాపుకోలేకపోయాను. కుట్లు లాగుతాయని తిట్టింది. తిడుతూ తనూ నవ్వింది. నా పని అక్కడే అయిపోయింది.

పది రోజులకు కుట్లు విప్పించుకోవడానికి వెళ్ళాను.

“ఏం పని చేస్తారు బెహ్రంగ్ గారూ?”

“బజార్లో కొట్టు. కాలిన, చిరిగిన తివాచీలకు రఫూ చేస్తాను. ఊలు దులిపినప్పుడల్లా తుమ్ములే.”

ఆమె కత్తెర ఆగింది. “మా ముందుగదిలో తివాచీ కాలింది. ఎల్లుండి పెళ్ళిచూపులు. వచ్చి బాగుచేస్తారా?”

“ఎవరికి పెళ్ళిచూపులు?”

“మా పిల్లికి,” అంది. కత్తెర కింద పెట్టి, “నాకే. వాళ్ళు ఆరింటికొస్తారు. మీరు మూడింటికి రండి.”

చెప్పాల్సిన మాట అప్పుడే చెప్పాలి. నేనేమన్నానో తెలుసా? “ఊలు ఏ రంగు?” అన్నాను. నా బతుకంతే.

ఆరింటికి రావాల్సినవాళ్ళు అయిదింటికే దిగారు. నేనింకా మూలన సూదితో కూర్చున్నాను. లేవబోతే నస్తరన్ వాళ్ళ నాన్న వదల్లేదు.

“టీ తాగకుండా వెళ్తావా నాయనా? మాకెంత నామోషీ! కూర్చో, కూర్చో.”

మూడోసారి అడిగాక కాదనడం మర్యాద కాదు. పెళ్ళికొడుకు ఇంజనీరట, ముప్పై రెండు పళ్ళూ ఉన్న మనిషి. వచ్చి సరిగ్గా నేను రఫూ చేసిన చోటే కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

నస్తరన్ టీ పళ్ళెం తెచ్చి అందరికీ ఇచ్చింది. మంచీ చెడ్డా అయ్యాక ఇంజనీరు తల్లి, “అమ్మాయి మాట కూడా వింటే బావుంటుంది,” అంది.

“చెప్పమ్మా,” అన్నాడు నస్తరన్ వాళ్ళ నాన్న.

అప్పుడే నా ముక్కులో ఊలు నూగు గిలిపెట్టింది. కళ్ళు చెమర్చాయి. నస్తరన్ జవాబు చెప్పకుండా నన్నే చూస్తోంది.

“చెప్పు తల్లీ,” అన్నాడాయన మళ్ళీ.

తుమ్మితే అందరూ లేచిపోతారు. రఫూవాడు అపశకునం చేశాడంటారు, ఆ పిల్లకు మాటొస్తుంది. ముక్కు గట్టిగా నొక్కి, నోరు మూసుకున్నాను. లోపల ఏదో టప్పుమంది. గొంతులోకి ఉప్పగా నెత్తురు దిగింది.

నస్తరన్ కళ్ళు దించుకుంది. “పెద్దవాళ్ళ ఇష్టం.”

“ముబారక్! ముబారక్!” అంటూ మిఠాయి డబ్బా తెరిచారు.

నేను పెరట్లో కుళాయి దగ్గర ఉమ్ముతుంటే వెనకే వచ్చింది.

“నోరు తెరవండి.” బుగ్గ పక్కకు లాగి లోపలికి చూసింది. “ఏం చెప్పాను మీకు?”

“ఆపుకోకూడదన్నారు.”

“మరి?”

“మీ శుభకార్యం చెడగొట్టడం ఇష్టంలేక.”

కుళాయి కట్టేసింది. తర్వాత, “వాళ్ళు అయిదింటికే వస్తారని నాకు తెలుసు,” అంది.

నేను ఉమ్మడం మానేశాను.

“ఊలంటే నీకు తుమ్మొస్తుందనీ తెలుసు. ఒక్క తుమ్ము చాలు బెహ్రంగ్. ఈ పూటకు మాట ఆగిపోయేది. రాత్రికి నాన్నతో నేనే చెప్పుకునేదాన్ని. నీకోసం రెండుసార్లు అడిగించుకున్నాను.”

“నస్తరన్, నువ్వంటే నాకు...”

“ఇప్పుడా?” అంది. కళ్ళనిండా నీళ్ళు. “లోపల మిఠాయి పంచేశారు. నాన్న నోటితో మాటిచ్చేశారు. ఇప్పుడు చెప్తున్నావా?”

లోపల్నించి వాళ్ళమ్మ పిలిచింది. ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది.

పొర చిరిగింది. ఎముక పొడంతా పోయింది. కొన్ని నెలలాగి మళ్ళీ మొదట్నుంచి చేద్దామన్నారు డాక్టరు. సరేనన్నాను గానీ, ఆ క్లినిక్ వైపు మళ్ళీ వెళ్ళలేదు.

వసంతంలో ఆమె పెళ్ళి. ఆ మధ్యాహ్నం కొట్లో ఒక పాత తివాచీ దులుపుతుంటే తుమ్మొచ్చింది. ఆమె నేర్పినట్టే, నోరు బార్లా తెరిచి తుమ్మాను. బజారంతా మోగింది.

ఎదురు కొట్లో రాగిసామాన్లమ్మే ఆయన తాళం వేసి ఇంటికి బయల్దేరినవాడల్లా ఆగిపోయాడు.

“సబ్ర్ వచ్చింది,” అన్నాడు. “కాసేపాగుదాం బెహ్రంగ్.”

ఆగాం. రెండో తుమ్ము రాలేదు.